శిలల పుట్టుపూర్వోత్తరాలు

దేవాలయానికి మూర్తిని చెక్కవలసి వచ్చినప్పుడు పూర్వకాలపు శిల్పి చేసే మొదటి పని రాతిని చూడడం కాదు, వినడం. చిన్న సుత్తితో బండను తట్టి, అది పలికిన నాదాన్ని బట్టి దానికి జాతి నిర్ణయం చేసేవాడు. కంచుగంటవలె ఖంగుమని మోగినది పుంశిల. అంతకంటె మెత్తగా, తాళపు చప్పుడువలె పలికినది స్త్రీశిల. నాదమే లేనిది నపుంసకశిల. ఏ మూర్తికి ఏ శిల తగునో, పీఠానికి ఏది, అడుగున పాదుకు ఏది అన్న విషయాన్ని శిల్పశాస్త్రాలు ఈ విభజనను ఆధారం చేసుకొనే విధించాయి. దీనిని వట్టి విశ్వాసంగా కొట్టివేయడం తొందరపాటు. లోపల పగులున్న రాయి మోగదు. పొడిబారి గుల్లబారిన రాయీ మోగదు. ఏళ్ల తరబడి చెక్కి తీర్చిన విగ్రహం చివరి ఉలిదెబ్బకు రెండుగా చీలిపోకుండా ఉండాలంటే చెవి చేసే ఈ పరీక్ష శిల్పికి తప్పనిసరి.

అయితే రాయి ఎట్లా మోగుతుందో తెలిసిన శిల్పికి అది ఎట్లా పుట్టిందో తెలియదు. తెలుసుకోవలసిన అవసరం అతనికి కలగలేదు. భాషలోనూ ఆ ప్రశ్న జాడ కనిపించదు. శిల, పాషాణం, ఉపలం, అశ్మం అని సంస్కృత నిఘంటువులు పర్యాయపదాలను గుదిగుచ్చి ఇస్తాయే తప్ప వాటి మధ్య తేడా చెప్పవు. ఈ విషయంలో తెలుగే మెరుగు. గులకరాయి, గుండు, బండ, గుట్ట అంటూ పరిమాణాన్నీ, పలుగురాయి, సున్నపురాయి, బలపపురాయి అంటూ గుణాన్నీ వేరుచేసి చూపుతుంది. అయినా పుట్టుకను చెప్పే పేరు ఇందులోనూ లేదు. ఆ పేర్లు ఆధునిక భూవిజ్ఞాన శాస్త్రంతో వచ్చాయి. నిప్పులో కరిగి చల్లారి గడ్డకట్టినవి అగ్నిశిలలు. నీరో గాలియో మోసుకువచ్చి పేర్చిన పదార్థం గట్టిపడి ఏర్పడినవి అవక్షేప శిలలు. ఈ రెండింటిలో ఏదైనా భూమి లోతుల్లోని వేడికీ ఒత్తిడికీ లోనై, కరగకుండానే మరొక రూపం దాల్చితే అది రూపాంతర శిల.

ఈ మూడు పేర్లు కంఠస్థం చేయడం ఎవరికైనా ఒక పూట పని. కాని ఒక ఊరి బావిలో నీరుంటుందా, ఉంటే ఆ నీరు తాగిన పిల్లల ఎముకలు నిటారుగా ఎదుగుతాయా, రెండువేల ఏళ్లనాటి శిల్పం నేటిదాకా నిలుస్తుందా, సున్నపు బట్టీలో బూడిద అవుతుందా అన్న ప్రశ్నలకు సమాధానం చాలావరకు ఈ పుట్టుకలోనే ఉన్నది. అందుచేత దీనిని పేర్ల పట్టికగా కాక కాళ్లకింది నేల కథగా చదవడమే ఉచితం.

గ్రానైటు ముక్క ఒకటి చేతిలోకి తీసుకొని ఎండలో తిప్పి చూస్తే అది ఏకపదార్థం కాదని వెంటనే తెలుస్తుంది. గాజుపెంకువలె తళుక్కుమనే బూడిదరంగు గింజలు పలుగురాయి. గులాబీరంగులోనో పాలరంగులోనో ఉన్న చదునైన పలకలు ఫెల్డ్‌స్పార్. గోటితో గీరితే పొరలుగా లేచే నల్లని మెరుపులు అభ్రకం. పల్లెల్లో దీనినే కాకిబంగారం అంటారు. ఈ ఒక్కొక్కటీ ఖనిజం. ఖనిజాల కూర్పే శిల. గింజలు కంటికి కనిపించేటంత పెద్దవిగా ఉండడం ఇక్కడ గమనించవలసిన విషయం. పంచదార పాకాన్ని కదలకుండా రోజుల తరబడి ఉంచితే పెద్ద పెద్ద పలుకులతో కలకండ కడుతుంది. అదే పాకాన్ని ఒక్కసారిగా చల్లబరిస్తే పలుకులు కట్టడానికి వ్యవధి దొరకదు. శిలాద్రవం విషయంలోనూ జరిగేది ఇదే. భూమి ఉపరితలానికి కొన్ని కిలోమీటర్ల లోతున, పైనున్న రాతిపొరల దుప్పటి కింద, లక్షల సంవత్సరాలపాటు మెల్లగా చల్లారినందువల్లనే గ్రానైటుకు ఆ పలుకులు వచ్చాయి. శిలాద్రవం లావాగా పైకి పొంగి గాలి తగిలి త్వరగా చల్లారితే కంటికి గింజ ఆనని నున్నని బసాల్టువంటి రాయి అవుతుంది. రాతిలో ఉన్న పదార్థం ఏమిటన్నది ఒక ఎత్తు. అది ఎంత కాలంలో చల్లారిందన్నది మరొక ఎత్తు.

హైదరాబాదు చుట్టుపక్కల ఒకదానిపై ఒకటి పేర్చినట్లుండే గుండ్లను చూసినవారు అవి అగ్నిపర్వతం విరజిమ్మినవనో, ఏ మహాప్రవాహమో దొర్లించుకు వచ్చినవనో అనుకోవడం కద్దు. రెండూ నిజం కావు. ఆ గుండ్లు ఎక్కడినుంచీ రాలేదు, ఉన్నచోటనే ఉన్నాయి. సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రితం లోతున గడ్డకట్టిన గ్రానైటు, పైనున్న కిలోమీటర్ల మందపు రాయి కాలక్రమంలో అరిగి తొలగిపోయేసరికి బయటపడింది. నెత్తిమీది బరువు తగ్గగానే బండ ఉబ్బి, అడ్డంగానూ నిలువుగానూ పగుళ్లు తీసింది. వాననీరు ఆ పగుళ్లలోకి దిగి, ముందుగా మూలలను తినివేసింది. మూలలు పోయిన చతురస్రం గుండు కాక మరేమవుతుంది? మధ్యలోని పొడి అంతా మొరంగా మారి కొట్టుకుపోగా గట్టి గర్భాలు మిగిలాయి. గోల్కొండ కోట గోడలు ఇటువంటి గుండ్లను తమలో కలుపుకొని కట్టినవి. కాకతీయుల రాజధానికి ఓరుగల్లు అనీ, ఏకశిలానగరమనీ పేరు రావడానికి కోటలోని ఒంటిరాతి గుట్టే కారణం. హుస్సేన్‌సాగరంలోని బుద్ధవిగ్రహాన్ని రాయగిరి దగ్గరి గ్రానైటు కొండలో ఒకే బండనుంచి తొలిచారు. 1990లో తరలించేటప్పుడు పడవతోపాటు అది సరస్సులో మునిగి ప్రాణనష్టం జరిగింది. రెండేళ్లకు పైగా నీటి అడుగున ఉన్న తరువాత 1992లో పైకి తీస్తే విగ్రహం చెక్కుచెదరలేదు. గ్రానైటు దార్ఢ్యానికి అంతకంటె నిదర్శనం అక్కరలేదు. ఆ దార్ఢ్యం పేలుడు మందుకు మాత్రం నిలవదు. నగరం పెరిగేకొద్దీ గుట్టలు కంకరగా మారిపోతుంటే, మిగిలినవాటినైనా కాపాడాలని 1996లో పౌరులు కొందరు సంఘంగా ఏర్పడ్డారు. చెట్టును నరికితే మరొకటి నాటవచ్చు. 250 కోట్ల ఏళ్ల రాయిని నాటే మార్గం లేదు.

గ్రానైటు గట్టిదనం శిల్పికి వరమైతే రైతుకు సమస్య. చల్లారేటప్పుడు పలుకులు ఒకదానినొకటి కరచిపట్టుకొని పెరిగినందువల్ల వాటి మధ్య నీరు నిలవడానికి సందు ఉండదు. ఆ నేలలో నీరు రెండే చోట్ల దొరుకుతుంది: పైన గుల్లబారిన మొరం పొరలో, కింద పగుళ్లలో. పగులు తగిలితే బోరులో నీరు పడుతుంది. తప్పితే దుమ్ము లేస్తుంది. ఒక రైతు పొలంలో ధార పడి, ఇరవై అడుగుల దూరంలో గట్టుకు ఆవల మరొక రైతు వందల అడుగులు తవ్వించి అప్పులపాలు కావడం అదృష్ట దురదృష్టాల సంగతిగా చెప్పుకొంటారు. నిజానికి అది పగుళ్ల సంగతి. గ్రానైటును చీల్చుకొని పైకి వచ్చిన డోలరైటు అనే నల్లరాతి గోడలు తెలంగాణలో అనేక చోట్ల మైళ్ల పొడవున కనిపిస్తాయి. భూగర్భజలం ప్రవహించే దారికి ఇవి అడ్డుకట్టలు. గోడకు ఎగువన ఉన్న బావి నిండి, దిగువన ఉన్నది ఎండడం సాధారణం. ఇంతటి నేలలో నీటికోసం పాతాళాన్ని నమ్ముకోవడం కంటె ఆకాశంనుంచి పడినదానిని పైననే నిలుపుకోవడం మేలని కాకతీయుల కాలంనాటివారు గ్రహించారు. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు ఆ గ్రహింపుకు సాక్ష్యాలు.

నీరు దొరికినా కథ ముగియదు. గ్రానైటులోని కొన్ని ఖనిజాలలో ఫ్లోరిన్ ఉంటుంది. లోతైన పగుళ్లలో ఎంతోకాలం రాతిని ఒరుసుకొని నిలిచిన నీటిలోకి అది ఫ్లోరైడుగా దిగుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడును దీర్ఘకాలం తాగితే పళ్లపై గోధుమరంగు చారలు పడతాయి. ఇంకా ఎక్కువైతే వెన్ను వంగిపోతుంది, కీళ్లు బిగుసుకుంటాయి. భారతదేశంలో ఈ వ్యాధిని వైద్యులు మొదటిసారిగా వివరించింది 1937లో. ఆనాటి మద్రాసు రాష్ట్రంలోని దర్శి, పొదిలి ప్రాంతాల రోగులను పరిశీలించి. ఆ తరువాత నల్లగొండ పేరు ఈ బాధకు మారుపేరైంది. సున్నం, పటిక కలిపి నీటినుంచి ఫ్లోరైడును తేర్చే విధానాన్ని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించింది. దానికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పేరు ‘నల్లగొండ పద్ధతి’. చివరికి నదీజలాలను గొట్టాల ద్వారా తెప్పించుకొంటేనే ఆ పల్లెలకు కొంత ఊరట కలిగింది. నీటికి కృష్ణవైపు చూడవలసిన గతి ఎందుకు పట్టిందని అడిగితే, ఆ ఊళ్ల కింది రాయి ఎట్లా పుట్టిందో చెప్పవలసి వస్తుంది.

బసాల్టు గురించి ఇంత చెప్పనక్కరలేదు. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం దక్కను పీఠభూమి పశ్చిమభాగంలో నేల పగిలి లావా విడతలు విడతలుగా పారింది. ఒక పొరపై మరొక పొర మెట్లవలె పేరుకొన్నందున, మెట్టు అనే అర్థం గల స్వీడిష్ పదాన్ని బట్టి వాటిని దక్కను ట్రాపులన్నారు. వికారాబాదు, ఆదిలాబాదు ప్రాంతాల నల్లరాయి అదే. అక్కడినుంచి వందల మైళ్ల దూరంలో రాజమహేంద్రవరం దగ్గర కాతేరులోనూ, గోదావరికి ఆవలి ఒడ్డున పంగిడిలోనూ ఆ లావా పొరలే కనిపించడం వింత. బసాల్టు చివికితే నల్లరేగడి అవుతుంది. నీటిని పట్టి ఉంచి పత్తిని పండిస్తుంది. ఆంగ్ల గ్రంథాలలో ఈ నేలకు వాడే ‘రేగర్’ అన్న మాట తెలుగు రేగడే. గ్రానైటు చివికితే ఏర్పడేది నీరు నిలవని ఎర్రచెల్క. పుట్టింది రెండూ నిప్పులోనే అయినా రెండింటిమీద బతికే రైతుల బతుకులు వేరు.

వర్తకుల భాష శాస్త్రానికి కట్టుబడదన్న సంగతిని కూడా ఇక్కడ గుర్తించాలి. చీమకుర్తిలో దొరికే, నల్లని నేలపై బంగారు చుక్కలు మెరిసే రాయి గెలాక్సీ గ్రానైటు పేరుతో దేశదేశాలకు ఎగుమతి అవుతున్నది. అది గ్రానైటు కాదు, గాబ్రో. బసాల్టు కాదగిన ద్రవమే లోతున మెల్లగా చల్లారితే గాబ్రో అవుతుంది. మెరుగు పట్టే గట్టిరాయి ప్రతిదీ బజారులో గ్రానైటే.

నిప్పులో పుట్టిన రాతికి నీరు శత్రువు. గాలిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొన్న వాననీరు బలహీనమైన ఆమ్లం. అది ఏళ్ల తరబడి తగిలితే ఫెల్డ్‌స్పార్ మెత్తబడి బంకమన్ను అవుతుంది. పలుగురాయి మాత్రం లొంగక ఇసుకరేణువుగా విడిపోతుంది. ఏటిలోని ఇసుక, కుమ్మరి సారెమీది మన్ను ఒకనాడు ఒకే బండలో పక్కపక్కనే ఉన్నవి కావచ్చు. త్ర్యంబకం దగ్గర పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి సముద్రంలో కలిసే గోదావరి, దారిలో నీటితోపాటు ఈ శిథిలాలనూ మోస్తుంది. వేగం తగ్గిన చోట ముందు గులకరాళ్లను, తరువాత ఇసుకను, చిట్టచివర ఒండ్రును దించుతుంది. ఇట్లా దిగినదానిపై మరొకటి దిగి, పై బరువుకు అడుగుది అణగి, రేణువుల మధ్యకు చేరిన సున్నమో, ఇనుప తుప్పో, సిలికానో సిమెంటువలె పట్టివేస్తే ఇసుక ఇసుకరాయి అవుతుంది. ఒండ్రు షేలు అవుతుంది. గులకరాళ్లు ముద్దరాయి అవుతాయి. అవక్షేప శిలకు గుర్తు పొర. భూమి పైభాగపు విస్తీర్ణంలో నాలుగింట మూడువంతులు ఈ రాళ్లే పరచుకొని ఉన్నా, భూపటలం మొత్తంలో వాటి పాలు చాలా స్వల్పం. అరిసెమీద అద్దిన నువ్వులవంటివన్నమాట.

పొరల మధ్య చిక్కిన ప్రాణి కాలిపోదు, కరిగిపోదు. అందుకే పూర్వజీవుల అవశేషాలు అవక్షేప శిలలలోనే దొరుకుతాయి. లావాలో వెదకడం వృథా. పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర ఇటువంటి పొరలలో దొరికిన రాక్షసబల్లికి కోటాసారస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా విజ్ఞాన కేంద్రంలో నిలబెట్టారు. ప్రాణహిత, గోదావరి లోయలో అంతకంటె ముందునాటి ఇసుకరాతి పొరల నడుమ అడవులకు అడవులే అణగి బొగ్గయ్యాయి. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర దానిని గుర్తించడంతో సింగరేణి చరిత్ర మొదలైంది. ఆ ఇసుకరాయి గ్రానైటువలె పిసినారి కాదు. రేణువుల మధ్య ఖాళీ ఉన్నందున నీటిని తాగి నిలుపుకొంటుంది. బోరు వేసినవానికి ఇస్తుంది.

అవక్షేపాలలో సున్నపురాతిది ప్రత్యేకమైన తీరు. అది శిథిలాల పోగు కాదు. సముద్రజలంలో కరిగి ఉన్న సున్నం అడుగుకు చేరి, కొన్నిచోట్ల సూక్ష్మజీవుల సహాయంతో, గడ్డకట్టినది. సుమారు 190 కోట్ల సంవత్సరాల క్రితం మొదలుకొని చాలా కాలం కడప, కర్నూలు ప్రాంతాలను సముద్రం కప్పి ఉండేది. వేంపల్లె దగ్గరి రాళ్లలో ఉల్లిపొరలవలె కనిపించే గుర్తులు ఆనాటి నీలిఆకుపచ్చ సూక్ష్మజీవుల చాపలు విడిచిపోయినవి. కడప బండ, బేతంచర్ల బండ, తాండూరు బండ ఇళ్లలో పరచుకోవడానికి వీలుగా పలకలు పలకలుగా లేవడానికి కారణం అవి పొరలుగా పేరుకొనడమే. వంటింటి గట్టుకు పరచిన కడప బండమీద నిమ్మరసం పడితే మచ్చ పడుతుంది, గ్రానైటుమీద పడదు. పులుపుకు సున్నం లొంగుతుంది, సిలికా లొంగదు. ఇంటి ఇల్లాలికి అనుభవంలో ఉన్న ఈ తేడాను పరీక్షగా వాడి భూవిజ్ఞానులు కొండల్లో సున్నపురాతిని గుర్తుపడతారు. వారి చేతిలో నిమ్మకాయకు బదులు ఆమ్లపు సీసా ఉంటుంది, అంతే. వాననీటిలోని కొద్దిపాటి ఆమ్లమే లక్షల సంవత్సరాలు పనిచేసి బెలుం దగ్గర 3,229 మీటర్ల పొడవైన గుహలను తొలిచింది.

ఈ మెత్తదనమే కృష్ణాతీరపు శిల్పికి నచ్చింది. పల్నాటిలో దొరికే లేత ఆకుపచ్చ ఛాయగల తెల్లని సున్నపురాయి ఉలికి వెన్నవలె లొంగుతుంది. నగలోని పూసను, వస్త్రపు ముడతను కూడా చెక్కనిస్తుంది. అమరావతి స్తూపాన్ని, నాగార్జునకొండ శిల్పాలను దానిలోనే మలిచారు. గ్రానైటులో ఆ సౌకుమార్యం అసాధ్యం కాకపోయినా దుస్సాధ్యం. కాని సున్నపురాతికి పుట్టుకతోనే ఒక శాపం ఉన్నది: కాలిస్తే సున్నం అవుతుంది. పద్ధెనిమిదవ శతాబ్ది చివరినుంచి స్తూపం దిబ్బను తవ్వినప్పుడు బయటపడిన శిల్పఫలకాలు కొన్ని ఇళ్ల గోడలలో కలిసిపోయాయి, కొన్ని బట్టీలలో కాలి సున్నమైపోయాయి. గ్రానైటులో చెక్కి ఉంటే ఎవరూ వాటిని బట్టీలో వేసేవారు కారు. మిగిలినవి చెన్నై, లండన్ తదితర మ్యూజియాలకు చేరాయి. పాతకాలపు పుస్తకాలు వాటిని అమరావతి పాలరాతి శిల్పాలని పేర్కొన్నాయి, అది పొరపాటు. పాలరాయి కావాలంటే సున్నపురాయి మరొక జన్మ ఎత్తాలి.

ఆ మరుజన్మకే రూపాంతరమని పేరు. పచ్చి ఇటుకను ఆములో పెడితే కరగదు, ఆకారమూ మారదు, అయినా బయటికి వచ్చేది మన్ను కాదు. భూమి లోతుకు దిగేకొద్దీ కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. ఖండాలు ఒకదానినొకటి ఒత్తుకొన్నప్పుడు పైనున్న శిలలు ఆ లోతులకు దిగబడతాయి. అక్కడ ఖనిజాలు ఘనస్థితిలోనే విడిపోయి, కొత్త ఖనిజాలుగా కూడుకొంటాయి. ఒత్తిడికి అడ్డంగా అవి బారులు తీరడంవల్ల రాతిలో చారలో, రేకులో ఏర్పడతాయి. షేలు ఈ విధంగా మారి పలకరాయి అవుతుంది. ఒక తరం తెలుగు పిల్లలు అక్షరాలు దిద్దుకొన్న మార్కాపురం పలక అదే; ఒకనాటి సముద్రపు బురదమీద బలపంతో రాసినట్లు. ఇసుకరాయి క్వార్ట్‌జైటు అవుతుంది. రెండింటికీ తేడా తెలియాలంటే పగలగొట్టి చూడాలి: ఇసుకరాయి రేణువుల చుట్టూ విరుగుతుంది, క్వార్ట్‌జైటు రేణువులను చీల్చుకొని విరుగుతుంది. గ్రానైటు చారలు తేలి నైసు అవుతుంది. సున్నపురాయి పాలరాయి అవుతుంది. బొర్రా గుహలు ఉన్నది ఇట్లా మారిన సున్నపురాతిలోనే. బెలుం గుహలది మారని రాయి. రెండుచోట్లా తొలిచింది నీరే.

వేడి సోకడానికి అన్నివేళలా లోతుకు దిగనక్కరలేదు. పులివెందుల ప్రాంతంలో సున్నపురాతి పొరల మధ్యకు డోలరైటు ద్రవం చొచ్చుకొని వచ్చినప్పుడు, అది తాకిన మేరకు రాయి మారి నారవంటి రాతినార ఏర్పడింది. మారిన పట్టీ కొద్దిపాటి మందమే. దానికి ఆవల రాయి ఎప్పటివలెనే ఉన్నది.

తూర్పు కనుమలది ఇందుకు భిన్నమైన కథ. సుమారు 100 కోట్ల సంవత్సరాల క్రితం అక్కడి సముద్రపు మన్నూ ఇసుకా 20 కిలోమీటర్లకు మించిన లోతుకు దిగి మాగి పైకి వచ్చాయి. విశాఖపట్టణంలోని కైలాసగిరి, సింహాచలం కొండల రాయి అదే. కోండు గిరిజనుల పేరిట శాస్త్రజ్ఞులు దానిని ఖోండలైటు అన్నారు. అందులో ఎర్రని గార్నెట్ గింజలు, అక్కడక్కడ గ్రాఫైటు రేకులు కనిపిస్తాయి. ఒక కొండజాతి పేరు ప్రపంచ శాస్త్ర పరిభాషలో నిలవడం ముచ్చటైన సంగతి. దాని పక్కనే దొరికే చార్నకైటు పేరు వెనక ఒక సమాధి ఉన్నది. కలకత్తా నగర స్థాపకుడుగా చెప్పే జాబ్ చార్నక్ సమాధిఫలకాన్ని మద్రాసు వైపునుంచి తెచ్చిన నల్లరాతితో చేశారు. థామస్ హాలండ్ అనే శాస్త్రజ్ఞుడు ఆ రాతిని పరిశీలించి, సమాధిలోని వ్యక్తి పేరునే రాతికి పెట్టాడు. ఖోండలైటుకు చార్నకైటుకున్న దృఢత్వం లేదు. కోణార్క సూర్యదేవాలయంలో అధికభాగం ఖోండలైటుతో కట్టినందువల్లనే సముద్రపు గాలికి అక్కడి శిల్పాల ముఖరేఖలు అంతగా అరిగిపోయాయి.

ఏ రాయి దేనికి తగునో ఎరిగి వాడినవారి పని చూడాలంటే పాలంపేట వెళ్లాలి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప దేవాలయాన్ని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. గోడలకు వాడినది ఎర్రని ఇసుకరాయి. పొరలున్న రాయి కాబట్టి కోయడం, పేర్చడం తేలిక. బరువు మోసే స్తంభాలు, దూలాలలో గ్రానైటు, డోలరైటు కనిపిస్తాయి. చూరుకింద నిలిచిన నల్లని మదనికలను డోలరైటులో మలిచారు. గింజ సన్నమైన రాయి కావడంవల్ల అందులో వేలిగోటిని సైతం చెక్కగలిగారు. ఏకరూపమైన రాయి కావడంవల్ల ఎనిమిది వందల ఏళ్ల తరువాత కూడా వాటి నునుపు తగ్గలేదు. విమానానికి మాత్రం రాతిని వాడలేదు. నీటిలో తేలేటంత తేలికైన ఇటుకలను కాల్చి పేర్చారు. అగ్నిశిలకూ అవక్షేప శిలకూ పేర్లు పెట్టనివారికి వాటి స్వభావాలు క్షుణ్ణంగా తెలుసు. నేటి క్వారీలలో ఆ ఎరుక యంత్రానికి అవసరం లేకపోయినా పనివానికి అవసరమే. సున్నపురాతి దుమ్ము కంటె గ్రానైటు, ఇసుకరాతి దుమ్ములో సిలికా హెచ్చు. దానిని ఏళ్ల తరబడి పీల్చినవాని ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి. ఆ జబ్బుకు మందు లేదు. నీటితో తడుపుతూ కోయడం, ముక్కుకు రక్షణ కల్పించడం యజమాని దయ కాదు, బాధ్యత.

ఇంతకూ ఈ మూడు జాతుల మధ్య శాశ్వతమైన గోడలు లేవు. సముద్రపు మన్ను ఖోండలైటు అయింది. ఆ ఖోండలైటు ఇప్పుడు వానకు చివికి, ఏరులు మోసుకురాగా విశాఖ, భీమునిపట్నాల తీరంలో ఎర్రని గార్నెట్ ఇసుకగా, నల్లని ఇల్మనైటు చారగా అలల అంచున పేరుకొంటున్నది. భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలు గాలీ నీరూ పోసిన ఇసుక గుట్టలే. ఇనుప తుప్పు వాటి రేణువులకు పట్టి ఎరుపెక్కించింది కాని ఇంకా రాయి చేయలేదు. చేతితో నలిపితే నలుగుతాయి. భూమి ఏదైనా ఒకనాడు వాటిని లోనికి లాక్కొంటే మళ్లీ ఖోండలైటు కావచ్చు. మరింత లోతుకు దిగితే కరిగి గ్రానైటు కావచ్చు. 1788లో స్కాట్లండు సముద్రతీరాన సిక్కర్ పాయింట్ అనే చోట, నిట్టనిలువుగా నిలిచిన పాత పొరలపై ఏటవాలుగా పరచుకొన్న కొత్త పొరలను చూసి జేమ్స్ హట్టన్ ఈ చక్రభ్రమణానికి రుజువు కనుగొన్నాడు. రాళ్లన్నీ సముద్రంలోనే ఏర్పడ్డాయని పండితులు వాదిస్తున్న రోజులవి.

హట్టన్ చూసినటువంటి సంధిస్థానం చూడడానికి తెలుగువారు అంత దూరం పోనక్కరలేదు. తిరుపతినుంచి తిరుమలకు వెళ్లే ఘాట్ రోడ్డులో, కొండను కోసి దారి తీసిన చోట, రోజూ వేలమంది దాని పక్కనుంచే పోతుంటారు. కింద ఉన్నది లోతున చల్లారి, కొండలై లేచి, అరిగి చదునైన పురాతన గ్రానైటు. పైన ఉన్నది ఆ చదునుమీద నీరు పరచిన ఇసుక గట్టిపడి మారిన క్వార్ట్‌జైటు. కొండమీది శిలాతోరణమూ ఆ రాయే. ఒకటి ఏర్పడిన కాలానికీ, దానిమీద రెండవది పడిన కాలానికీ మధ్య పదుల కోట్ల సంవత్సరాల ఎడం ఉన్నది. ఆ కాలానికి సంబంధించిన రాయి అక్కడ ఒక్కటీ మిగలలేదు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఆ చోటును జాతీయ స్మారకంగా ప్రకటించింది. బస్సు మలుపు తిరిగేలోగా కిటికీలోనుంచి అది ఒక గీతవలె కనిపిస్తుంది.